మోకాలి లిగమెంట్ తెగాక: ఆపరేషనా, ఫిజియోనా, మళ్లీ మ్యాట్ మీదికి ఎప్పుడు?

"అన్నా, ఎమ్మారైలో ఏసీఎల్ తెగిందని వచ్చింది. ఆపరేషన్ చేయించుకోమంటావా, వద్దా?" ఈ ప్రశ్నతో నాకు ఫోన్లు వస్తూనే ఉంటాయి. ఏసీఎల్ అంటే మోకాలి లోపల తొడ ఎముకనీ కాలి ఎముకనీ కలిపి పట్టి ఉంచే లిగమెంట్, తాడు లాంటిది. కరాటే వాళ్లు, తైక్వాండో వాళ్లు, జూడో వాళ్లు, అప్పుడప్పుడు కబడ్డీ ఆడే కుర్రాళ్లు. నేను డాక్టర్‌ని కాదు. ఇరవై ఏళ్లకు పైగా షోటోకాన్ కరాటే చేస్తున్నాను, గుంటూరులో సాయంత్రం బ్యాచ్‌కి నేర్పిస్తున్నాను. 2022లో నా ఎడమ మోకాలు పోయింది. అప్పుడు నాకు ఎవరైనా కూర్చోబెట్టి చెప్పి ఉంటే బాగుండుననిపించిన విషయాలు ఇవి.

ఆ రోజు వాన. కుమితే, అంటే ఎదురెదురుగా పోరాడే సాధన, చేయిస్తూ ఒక బ్రౌన్ బెల్ట్ కుర్రాడి మీద కుడికాలితో మావాషిగేరి (పక్కనుంచి తిప్పి వేసే కిక్) వేశాను. ఎడమ పాదం మడమ తిప్పాలి కదా, అది రెండు మ్యాట్ల మధ్య అతుకులో ఇరుక్కుంది. ఒళ్లు తిరిగింది, పాదం తిరగలేదు. ఎండుకొమ్మ విరిగినట్టు టప్‌మని లోపల చప్పుడు. విచిత్రమేమిటంటే పది నిమిషాల్లో లేచి నడిచాను, ఏమీ కాలేదనుకున్నాను. గంటన్నర గడిచేసరికి మోకాలి చిప్ప ఎక్కడుందో తెలియనంతగా వాచిపోయింది. చప్పుడు రావడం, ఒకటి రెండు గంటల్లోనే వాపు ఎక్కడం, తర్వాత నడుస్తుంటే కాలు జారిపోతున్నట్టు ఉండటం. ఈ మూడూ కలిస్తే నొప్పి తగ్గినా సరే తేలిగ్గా తీసుకోకండి. అంత త్వరగా వచ్చే వాపు సాధారణంగా కీలు లోపల రక్తం చేరడం వల్ల వస్తుంది.

ఎంపిక గురించి మాట్లాడే ముందు ఒక విషయం తేల్చుకోవాలి. మీ మోకాలు లాక్ అయిందా? అంటే పూర్తిగా చాపడానికి ప్రయత్నిస్తే లోపల ఏదో అడ్డం పడ్డట్టు ఆగిపోతోందా? అలా ఉంటే మెనిస్కస్, అంటే రెండు ఎముకల మధ్య వాషర్‌లా ఉండే మెత్తటి పొర, చిరిగి మడతపడి ఉండొచ్చు. అక్కడ మూడు నెలలు చూద్దాం అనే మాటకు చోటు లేదు. ఎంత తొందరగా సర్జన్‌కి చూపిస్తే దాన్ని కోసి తీసేయకుండా కుట్టు వేసి కాపాడే అవకాశం అంత ఎక్కువ. పాదం చల్లబడినా, తిమ్మిరెక్కినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. పదిహేను, పదహారేళ్ల లోపు పిల్లలదీ వేరే లెక్క. వాళ్లకు ఎముక ఇంకా పెరుగుతుంటుంది, ఆ పెరిగే చోటు దెబ్బతినకుండా ఆపరేషన్ చేసే పద్ధతులు వేరే ఉన్నాయి. పిల్లల కేసులు చూసే సర్జన్ దగ్గరికే తీసుకెళ్లండి.

ఇంట్లో పెద్దవాళ్లు పుత్తూరు కట్టు గురించి చెబుతారు. మా ఇంట్లోనూ చెప్పారు. ఆ కట్టు పేరు మోసింది ఎముకలు విరిగిన వాళ్ల దగ్గర. ఏసీఎల్ ఉండేది కీలు లోపల, మధ్యలో. పైనుంచి కట్టే ఏ కట్టూ ఆ రెండు కొసల్నీ దగ్గరకు తేలేదు. ఇక వాచిన మోకాలికి తైలం రాసి గట్టిగా మర్దన చేయించడం మాత్రం అస్సలు వద్దు.

ఆపరేషన్ ముందా, ఫిజియో ముందా

నేను మొదట చూపించుకున్న చోట రిపోర్టు చూసిన ఐదు నిమిషాల్లో "సోమవారం అడ్మిట్ అవ్వండి" అన్నారు. నాకు టెన్షన్ పట్టుకుంది. ఇన్సూరెన్స్ కాగితాలు కూడా తీసేశాను. రెండో సర్జన్ దగ్గరికి వెళ్లడం నేను చేసిన మంచి పని. ఆయన రిపోర్టు పక్కన పెట్టి, మంచం మీద పడుకోబెట్టి, మోకాలి కింద ఎముకను ముందుకు లాగి చూశారు. తర్వాత అడిగిన మొదటి మాట: "మీరు రోజూ ఈ కాలితో ఏమేం చేస్తారో చెప్పండి." ఆ ప్రశ్న అడిగే డాక్టర్ దొరికేదాకా వెతకండి.

2010లో స్వీడన్ పరిశోధకులు ఒక అధ్యయనం ప్రచురించారు. 18 నుంచి 35 ఏళ్ల మధ్య వయసుండి, ఆటలాడే అలవాటున్న, కొత్తగా ఏసీఎల్ తెగిన 121 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు వెంటనే ఆపరేషన్, ఆ తర్వాత ఫిజియో. రెండో జట్టుకు ముందు ఫిజియో, కాలు నిలవకపోతే అప్పుడు ఆపరేషన్. రెండేళ్ల తర్వాత నొప్పి, రోజువారీ పనులు, ఆటలు, ఈ లెక్కల్లో రెండు జట్ల మధ్య చెప్పుకోదగ్గ తేడా రాలేదు. రెండో జట్టులోని 59 మందిలో 23 మంది రెండేళ్లలోపు ఆపరేషన్ చేయించుకున్నారు, ఐదేళ్లకు ఆ సంఖ్య 30కి చేరింది. అంటే దాదాపు సగం మందికి ఆపరేషన్ అవసరమే రాలేదు.

ఈ లెక్క చూసి అయితే ఆపరేషన్ వద్దన్నమాట అనుకోకండి. అందులో ప్రొఫెషనల్ ఆటగాళ్లు లేరు. మిగతా సగం మందికి చివరికి ఆపరేషన్ తప్పలేదు కూడా. నాకు ఇందులో పనికొచ్చిన సంగతి ఒక్కటే: లాక్ అవ్వని మోకాలికి మొదటి వారంలోనే నిర్ణయం తీసుకోనక్కర్లేదు. మూడు నెలలు కష్టపడి ఫిజియో చేస్తే ఏ సగంలో ఉన్నారో మీ మోకాలే చెబుతుంది. ఆ మూడు నెలలూ వృథా కావు. ఆపరేషన్ చేయించుకోవాల్సి వచ్చినా వాపు తగ్గి, కాలు పూర్తిగా చాచగలిగి, తొడలో బలం ఉన్న మోకాలు తర్వాత త్వరగా కోలుకుంటుంది.

ఒక షరతు ఉంది. ఆ మూడు నెలల్లో కాలు పదే పదే జారిపోతుంటే ఆగకూడదు. జారిన ప్రతిసారీ లోపల మెనిస్కస్ నలుగుతుంది. తెగిన లిగమెంట్ బదులు ఇంకోటి వేయగలరు గానీ, అరిగిన మెనిస్కస్‌ని కొత్తది చేయడం చాలా కష్టం.

మా బ్యాచ్‌లోనే నాకంటే పెద్దాయన ఒకరున్నారు, బ్యాంకు ఉద్యోగి. ఆయనకూ ఏసీఎల్ పూర్తిగా తెగింది. కుమితే మానేశారు, కటా (ఎదుటి మనిషి లేకుండా వరుసగా చేసే కదలికలు) చేస్తారు, పొద్దున్నే ఐదు కిలోమీటర్లు నడుస్తారు. ఆపరేషన్ లేకుండానే హాయిగా ఉన్నారు, ఒక్కసారీ కాలు జారలేదు. నేను అదే ఫిజియో దగ్గర అవే వ్యాయామాలు చేశాను. రెండో నెలలో తడి బాత్రూంలో ఒకసారి, మూడో నెలలో ఒట్టి అడుగు మార్చుతుంటే ఇంకోసారి కాలు జారింది. నాలుగో నెలలో ఆపరేషన్ చేయించుకున్నాను. ఆయనదీ సరైన నిర్ణయమే, నాదీ సరైన నిర్ణయమే.

కాబట్టి నా సలహా ఇలా ఉంటుంది. కటా, ఫిట్‌నెస్, పిల్లలకు నేర్పించడం వరకే మీ సాధన అయితే ఫిజియోతో మొదలుపెట్టండి, నిజాయితీగా మూడు నెలలు ఇవ్వండి. కుమితే, స్పారింగ్, జూడో రాండోరి, కుస్తీ లాంటివి వదలలేనంటే, వయసు పాతికలోపు అయితే, ఆపరేషన్ వైపు మొగ్గు చూపడంలో తప్పు లేదు. ఎదుటివాడి బలానికి మన కాలు ఎటు తిరుగుతుందో మన చేతిలో ఉండదు కాబట్టి. మెనిస్కస్ కూడా కుట్టాల్సి ఉంటే ఆపరేషనే మంచిది.

గ్రాఫ్ట్ ఎక్కడి నుంచి తీయాలి

దీని గురించి మనవాళ్లు అస్సలు అడగరు. "అంతా డాక్టర్ గారే చూసుకుంటారు" అంటారు. తెగిన ఏసీఎల్‌ని మామూలుగా కుట్టరు, మీ కాలిలోనే ఇంకో చోటి నుంచి టెండన్ (కండను ఎముకకు కలిపే పట్టీ) తీసి ఆ స్థానంలో బిగిస్తారు. దాన్నే గ్రాఫ్ట్ అంటారు. ఎక్కడి నుంచి తీస్తే అక్కడ కొంత లోటు మిగులుతుంది. ఆ లోటు మీ కళకు ఎక్కడ తగులుతుందో సర్జన్ కంటే మీకే బాగా తెలుసు, మీరు చెప్పాలి.

హామ్‌స్ట్రింగ్ గ్రాఫ్ట్ అంటే తొడ వెనక లోపలివైపు ఉండే సన్నటి టెండన్లు తీస్తారు. కోత చిన్నది, మోకాళ్ల మీద కూర్చుంటే నొప్పి తక్కువ. లోటు ఎక్కడంటే, మడమను పిరుదుల దగ్గరికి లాగే బలం తగ్గుతుంది. కిక్ వేశాక కాలు వెనక్కి లాక్కోవడం, జూడోలో ఎదుటివాడి కాలికి కొక్కెం వేసి లాగడం, జియుజిత్సులో కాళ్లతో బిగించి పట్టడం, ఇవన్నీ ఆ బలంతోనే.

మోకాలి చిప్ప కింది టెండన్ తీసే పద్ధతిలో రెండు చివర్లా చిన్న ఎముక ముక్కలతో సహా మధ్య భాగం తీస్తారు. ఎముక ఎముకతో అతుక్కుంటుంది కాబట్టి గట్టిగా, త్వరగా పట్టుకుంటుంది. పోటీల్లో ఆడే కుర్రాళ్లకు చాలామంది సర్జన్లు దీన్నే ఇష్టపడతారు. లోటు: మోకాళ్ల మీద బరువు వేస్తే ముందువైపు నొప్పి. కొందరికి ఏళ్ల తరబడి ఉంటుంది. జూడోలో, కుస్తీలో, జియుజిత్సులో సగం పని మోకాళ్ల మీదే. కరాటేలో క్లాసు మొదలయ్యేదే, ముగిసేదే సేజాలో, అంటే మన వజ్రాసనంలో. నేల మీద కూర్చుని పూజ చేసుకునేవాళ్లు, నమాజ్ చేసేవాళ్లు కూడా ఇది ముందే ఆలోచించుకోవాలి.

చిప్ప పైనుంచి క్వాడ్రిసెప్స్ (తొడ ముందు కండ) టెండన్ తీసే పద్ధతి ఈమధ్య బాగా పెరిగింది. మందంగా ఉంటుంది, మోకాళ్ల నొప్పి చిప్ప కింది దానికంటే తక్కువ, తొడ వెనక బలం పోదు. తొడ ముందు బలం తిరిగి తెచ్చుకోవడానికి మాత్రం చాలా కష్టపడాలి. మేగేరి, అంటే ఎదురుగా వేసే కిక్, విసురు మొత్తం అక్కడిదే.

చనిపోయిన దాతల టెండన్ వేయడం అనే పద్ధతీ ఉంది. మన కాలిలో ఏదీ కోయరు కాబట్టి మొదట్లో సుఖంగా ఉంటుంది. వయసులో ఉండి పోటీ ఆటలు ఆడేవాళ్లలో అది మళ్లీ తెగే అవకాశం ఎక్కువని తేలింది కాబట్టి యోధులకు నేను చెప్పను. ఎంఎంఏ (మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్) ఛాంపియన్ డొమినిక్ క్రూజ్‌కి 2012లో అలాంటి గ్రాఫ్టే వేస్తే శరీరం ఒప్పుకోలేదు, అదే ఏడాది రెండోసారి ఆపరేషన్ చేయించుకోవాల్సి వచ్చింది.

నేను హామ్‌స్ట్రింగ్ తీసుకున్నాను, సేజా కోసం. ఈరోజు క్లాసులో పిల్లలతో పాటు నేల మీద మోకాళ్లు ఆనించి కూర్చోగలుగుతున్నాను. కానీ ఎడమ కాలితో ఉరా మావాషిగేరి (కాలిని వెనక్కి లాగుతూ కొట్టే కిక్) వేసినప్పుడు కొసలో ఉండాల్సిన కొరడా విసురు ఇంకా పూర్తిగా రాలేదు. నా జూడో మిత్రుడు క్వాడ్రిసెప్స్ ఎంచుకున్నాడు, అతనికి కొక్కేలూ కావాలి, మోకాళ్లూ కావాలి. తైక్వాండో చేస్తూ కింద కూర్చునే అవసరం పెద్దగా లేనివాళ్లకు చిప్ప కింది టెండన్ చక్కగా సరిపోవచ్చు. అయితే ఏ గ్రాఫ్ట్‌తో మీ సర్జన్ చెయ్యి బాగా తిరిగిందో అది కూడా అడగండి. అలవాటు లేని పద్ధతిని బలవంతంగా చేయించుకోవడం కంటే ఆయనకు బాగా వచ్చిన పద్ధతే మేలు.

ఫిజియో: క్లినిక్‌లోనా, ఇంట్లోనా

చాలా చోట్ల ఫిజియో అంటే మోకాలికి కరెంటు పెట్టడం, వేడి పెట్టడం, పది నిమిషాలు కాలు ఊపించడం. ఇరవై సిట్టింగులకు డబ్బు కడతారు, తొడ సన్నబడుతూనే ఉంటుంది. కరెంటుతో నొప్పి కాస్త తగ్గొచ్చు, బలం రావాలంటే బరువులు ఎత్తాల్సిందే. వారానికి ఒక్కసారి వెళ్లినా సరే, కొలిచి చూసి, తర్వాతి వారానికి ఏం చేయాలో రాసిచ్చే ఫిజియో దగ్గరికి వెళ్లండి. మిగతా ఆరు రోజులూ ఇంట్లో మీరే చేయాలి. రోజూ సిట్టింగుకి వెళ్లి ఇంట్లో ఏమీ చేయని వాళ్ల కంటే ఇదే బాగా పనిచేస్తుందని నా అనుభవం.

నాకు ఫిజియో చేసిన మేడమ్ మొదటి నెలంతా ఒక్కదాని మీదే పట్టుబట్టారు: కాలు పూర్తిగా చాపడం. మంచం మీద పడుకోబెట్టి, మడమ కింద తువ్వాలు చుట్ట పెట్టి, మోకాలిని దాని బరువుకు వదిలేయమనేవారు. పది నిమిషాలు. తొడ వెనక నరాలు తెగిపోతాయేమో అనిపించేది. తర్వాత తువ్వాలు తీసేసి మోకాలి కింద వేళ్లు పెట్టి చూసేవారు. "ఇంకా రెండు వేళ్లు దూరుతున్నాయి." పై వారం, "ఒక వేలు." ఆ తర్వాత న్యూస్‌పేపర్ ముక్క ఒకటి మోకాలి కింద పెట్టి, "తొడ బిగించి దీన్ని నొక్కి పట్టుకోండి, నేను లాగుతా" అనేవారు. మొదటి రెండు వారాలు కాగితం సులువుగా వచ్చేసేది. ఒకరోజు లాగితే చిరిగింది, సగం ముక్క మోకాలి కిందే ఉండిపోయింది. ఆ చిరిగిన ముక్క నేను పర్సులో దాచుకున్నాను.

చాపడం ముందు, మడవడం తర్వాత. మనవాళ్లు దీన్ని తిరగేసి చేస్తారు. బాసింపట్టు వేసుకుని కూర్చోవాలని, గొంతుక్కూర్చోవాలని తొందరపడి మడుస్తూ ఉంటారు. పూర్తిగా చాపలేని కాలితో నడిస్తే కుంటు అలవాటైపోతుంది, తొడ కండ ఎదగదు, ముందుకాలు నిలబడని మనిషికి జెన్‌కుత్సుదాచి (ముందుకాలి మీద బరువు వేసి నిలబడే భంగిమ) ఎక్కడిది? మెనిస్కస్ కుట్టిన వాళ్లయితే సర్జన్ సరేననేదాకా లోతుగా మడవనే కూడదు, కొన్ని నెలలు పడుతుంది. అప్పటిదాకా ఇంట్లో వెస్ట్రన్ టాయిలెట్ లేకపోతే ప్లాస్టిక్ కమోడ్ కుర్చీ కొనుక్కోండి.

బ్రేస్ విషయం రెండు ముక్కల్లో. మెడికల్ షాపులో దొరికే నీ క్యాప్ వెచ్చగా ఉంటుంది, ధైర్యమిస్తుంది, అంతే. పక్కన ఇనుప పట్టీలు, కీళ్లు ఉన్న బ్రేస్ తొలి వారాల్లో, లేదా ఎంసీఎల్ (మోకాలి లోపలి పక్కనుండే లిగమెంట్) కూడా గాయపడ్డప్పుడు పనికొస్తుంది. ఏదీ బలానికి బదులు కాదు.

క్యాలెండరా, పరీక్షా

"ఎన్ని నెలలకు కుమితే చేయొచ్చు?" అని అడుగుతారు. 2016లో నార్వేలో 106 మందిని గమనించిన అధ్యయనం ఒకటి వచ్చింది. ఆపరేషన్ తర్వాత తొమ్మిది నెలల వరకు, ఆటకు తిరిగి రావడం ఒక్కో నెల ఆలస్యం చేసేకొద్దీ మళ్లీ గాయపడే రేటు సుమారు సగానికి తగ్గింది. ఇంకో సంగతి: తొడ బలంలో, ఒంటికాలి గెంతుల్లో బాగున్న కాలితో పోలిస్తే 90 శాతం దాటి పరీక్షలు నెగ్గాక వెళ్లినవాళ్లలో 5.6 శాతం మందికి మళ్లీ మోకాలు దెబ్బతింది. నెగ్గకుండా వెళ్లినవాళ్లలో 38.2 శాతం మందికి. అందుకే రెండూ కావాలి. తొమ్మిది నెలలు నిండాలి, పరీక్షా నెగ్గాలి.

వినేశ్ ఫోగాట్‌ని ఉదాహరణగా చూపిస్తారు. 2023 ఆగస్టులో మోకాలికి ఆపరేషన్, 2024 ఫిబ్రవరిలో జాతీయ పోటీల్లో 55 కిలోల విభాగంలో స్వర్ణం, ఆ ఆగస్టులో పారిస్‌లో జపాన్ యుయి సుసాకిపై గెలుపు. ఆమె పట్టుదల చూస్తే ఎవరికైనా ఒళ్లు పులకరిస్తుంది. కానీ ఒలింపిక్స్ నాలుగేళ్లకోసారి వస్తాయి, అప్పట్లో ఆమెకు అదే పూర్తికాలపు పని. మనకు వచ్చే నెల బెల్ట్ టెస్ట్ తప్పితే ఆ తర్వాత ఇంకోటి ఉంటుంది. నేను కుర్రాళ్లకు ఎంఎంఏ ఛాంపియన్ జార్జెస్ సెయింట్ పియెర్‌ని చూపిస్తాను. క్యోకుషిన్ కరాటేలో పెరిగిన మనిషి. 2011 డిసెంబర్‌లో ఏసీఎల్ తెగితే 2012 నవంబర్‌లోగానీ పోటీకి దిగలేదు, దిగి గెలిచాడు. 2014లో రెండో మోకాలి ఏసీఎల్ తెగింది. అందుకే ఆపరేషన్ అయిన కాలితో పాటు బాగున్న కాలికీ అన్ని వ్యాయామాలూ చేయించండి.

ఆ తొమ్మిది నెలలూ డోజోకి (కరాటే నేర్చుకునే చోటుకి) దూరంగా ఉండనక్కర్లేదు. కటాల్లోనే ఎంచుకోవచ్చు. హేయాన్ షోదాన్‌లో కిక్కులు లేవు, ఫిజియో ఒప్పుకున్నాక నేను దానితోనే మొదలుపెట్టాను. అందులో వెనక్కి తిరిగే మలుపులున్నాయి కాబట్టి పాదాన్ని నేలకు ఆనించి తిప్పకుండా, ఎత్తి పెట్టి తిరిగేవాణ్ని. టెక్కి షోదాన్‌లో మలుపులు లేవు, మొత్తం కిబాదాచిలో, అంటే కాళ్లు ఎడంగా పెట్టి మోకాళ్లు వంచి, పక్కకు నడవడమే, తొడలకు మంచిది. నడుమ వచ్చే నామిగాయేషి (పాదాన్ని లోపలివైపు పైకి ఎగరేయడం) మాత్రం వదిలేశాను. గెంతులున్న హేయాన్ గోదాన్, ఎంపి చివరికి. గాల్లో ఒక చుట్టు తిరిగే ఉన్సు జోలికి ఏడాదిన్నర దాకా పోలేదు. కిక్కుల్లో మొదట నిదానంగా మేగేరి. బాగున్న కాలితో మావాషిగేరి వేయడమే ఎక్కువ ప్రమాదం, ఎందుకంటే కింద నిలబడి తిరగాల్సింది ఆపరేషన్ అయిన కాలే.

పదకొండో నెలలో కుమితే మొదలుపెట్టాను. పరీక్షలన్నీ నెగ్గాను, కాలు నిలిచింది, భయం పోలేదు. మొదటి రోజు మళ్లీ అదే బ్రౌన్ బెల్ట్ కుర్రాణ్ని ఎదురుగా నిలబెట్టుకున్నాను. ఈలోపు అతనిది బ్లాక్ బెల్ట్ అయింది. "మాస్టర్ గారూ, నెమ్మదిగా చేద్దామా?" అన్నాడు. నేను ముందు వంగి మ్యాట్ల అతుకులు అన్నీ చేత్తో తడిమి చూసుకున్నాను, ఒకచోట ఊడిపోయి ఉంటే ఇద్దరం కలిసి బిగించాం. తర్వాత వంగి నమస్కారం పెట్టుకుని మొదలుపెట్టాం.